తాటికల్లుకు పూటకో రుచి

చల్లపల్లి: హైదరాబాదులో బీరును అక్కడికక్కడే తయారుచేసి పోసే దుకాణాలు వెలిశాయి. ఎక్కడిది ఏ రుచో తాగేవారు పోల్చి చెప్పుకుంటున్నారు. మన కృష్ణా డెల్టా పల్లెలకు ఇది కొత్తేమీ కాదు. మగతాడి కల్లు వేరు, ఆడతాడి కల్లు వేరు అని రుచి ఎరిగినవారు ఏనాటి నుంచో చెబుతున్నారు.

బీరుకు బార్లీని మొలకెత్తించి, ఉడికించి, ఈస్టు కలపాలి. తాటికల్లుకు ఆ తతంగం లేదు. గెల కొన చెక్కి లొట్టి కడితే గాలిలోని, లొట్టిలోని ఈస్టే పులియబెడుతుంది. తెల్లవారుజామున దించింది తియ్యన. పొద్దెక్కితే ఘాటు. సాయంత్రానికి పులుపు. లొట్టి లోపల సున్నం పూస్తే పులియదు. అదే నీరా.

ఈ రుచి వెనుక గీత కార్మికుని ప్రాణం ఉంది. మోకు నమ్ముకుని రోజూ చెట్టెక్కాలి. కాలు జారితే ఆ కుటుంబం వీధిన పడుతుంది. తాడి గీతకు రావడానికి పన్నెండేళ్లకు పైనే పడుతుంది. నరకడానికి గంట చాలు.

తాళ్లు తగ్గిన చోట మందుల కల్లు చొరబడుతుంది. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు తాగి పలువురు మరణించారు. పొద్దుగూకినా పులవని కల్లును నమ్మరాదు. తాగే అలవాటున్నవారు చెట్టు కింద, ఎరిగిన గీతగాని చేతి కల్లే తీసుకోవడం మేలు. గట్ల మీది తాళ్లను నరకకుండా కాపాడుకోవడం అందరికీ మేలు.