గోధుమ బీరూ, మా నాయన మాటా

2018 ఫిబ్రవరిలో ఒకనాటి రాత్రి, రెండు గంటలవేళ, నేనుంటున్న ఇంటి నేలమాళిగలో తుపాకి పేలినట్లు చప్పుడయింది. గుండె దడదడలాడుతూ మెట్లు దిగి చూద్దును గదా, నేను స్వహస్తాలతో నింపిన సీసాలలో నాలుగు ముక్కలు ముక్కలై పడివున్నాయి. గోడలనిండా నురుగు. ఆ సమయానికి అక్కడెవరూ లేకపోబట్టి సరిపోయింది గాని, ఉంటే కళ్ళు పోయేవే.

ఆ సీసాలలో ఉన్నది మందుగుండు కాదండీ, గోధుమ బీరు!

అప్పుడు నేను ఉద్యోగరీత్యా జర్మనీలో, బవేరియా రాష్ట్రంలోని ఇంగొల్‌స్టాట్‌లో ఉండేవాణ్ణి. ఇంటి యజమాని డెబ్భై దాటిన ముసలాయన. నెలకొకసారి ఇంట్లోనే బీరు కాచుకోవడం ఆయన సరదా. అందులో దొంగతనమేమీ లేదు. అప్పటి నియమం ప్రకారం సుంకాల కార్యాలయానికి ముందుగా తెలియపరిస్తే, సాలుకు 200 లీటర్లదాకా పన్ను లేకుండా కాచుకోవచ్చు.

"ఊరికే చూస్తూ కూర్చుంటే ఏం లాభం? గరిటె పట్టుకోండి," అన్నాడొక శనివారం. అలా నేను ఆయనకు శిష్యుణ్ణయ్యాను.

ఈ బీరు వెనుక పెద్ద కథే ఉంది. బీరులో బార్లీ, హాప్స్ పువ్వులు, నీరు తప్ప మరేమీ వేయరాదని 1516లో బవేరియా ప్రభువు నాలుగవ విల్‌హెల్మ్, తన తమ్మునితో కలిసి, ఈ ఇంగొల్‌స్టాట్‌లోనే శాసనం చేశాడు. మరి గోధుమ మాటేమిటంటారా? అది పెద్దింటివారి ప్రత్యేక హక్కయింది. డేగెన్‌బెర్గ్ అనే ప్రభువంశం దాన్ని అనుభవించింది. 1602లో వారి వంశం అంతరించగా, హక్కు ఏలిక మాక్సిమీలియన్‌కు దక్కింది. చివరకు 1872లో గేయోర్గ్ ష్నైడర్ అనే బీరు తయారీదారు, రాజైన రెండవ లుడ్విగ్ వద్ద గోధుమ బీరు కాచే హక్కు సంపాదించాడు.

ఇక కాచే విధానం. 20 లీటర్లకు రెండున్నర కిలోల గోధుమ మాల్టు, రెండు కిలోల బార్లీ మాల్టు తీసుకునేవాళ్ళం. గింజను నానబెట్టి, మొలకెత్తించి, వేడిగాలికి ఆరబెడితే మాల్టు. గోధుమ సగానికి తగ్గరాదని అక్కడి నియమం. అంతా గోధుమే ఎందుకు వేయకూడదని అడిగాను.

"గోధుమకు పొట్టు లేదు. వడగట్టేటప్పుడు ముద్దకట్టి కూర్చుంటుంది. బార్లీ పొట్టే మనకు జల్లెడ," అన్నాడాయన.

బరకగా విసిరిన గింజను 45 డిగ్రీల నీటిలో పావుగంట ఉంచుతారు. ఈ బీరుకు రాబోయే లవంగపు వాసనకు అక్కడే పునాది. తరువాత 66 డిగ్రీలకు తెచ్చి గంటసేపు ఉంచితే గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. ఒక చుక్కలో అయోడిన్ కలిపితే నల్లబడకూడదు. అప్పుడు వడగట్టి, 20 గ్రాముల హాప్స్ వేసి గంటసేపు మరిగించి, 18 డిగ్రీలకు చల్లార్చి ఈస్టు కలపాలి. ఇందులో లవంగమూ వేయరు, అరటిపండూ వేయరు. ఆ రెండు వాసనలూ తెచ్చేది ఈస్టే! మర్నాటికల్లా బుడబుడమంటూ పైకి పొంగుతుంది.

ఈస్టు కలపకముందే రెండు లీటర్ల తీపిరసం విడిగా తీసి, చల్లని చోట దాచుకుంటారు. పొంగంతా పూర్తయాక దాన్ని కలిపి సీసాలు నింపితే, లోపల వాయువు పుట్టి నురుగు వస్తుంది.

నేను బోల్తాపడింది ఇక్కడే. ముసలాయన కూతురింటికి వెళ్ళిన సమయంలో, నా ఘనత చూపిద్దామని ఒంటరిగా కాచాను. అయిదవనాటికి నురుగు అణిగింది. అయిపోయిందనుకుని, తీపిరసం కలిపి సీసాలు బిగించేశాను. అడుగున తీపి ఇంకా మిగిలే ఉందని నాకేం తెలుసు?

ఆదివారం ఫోనులో ఈ భాగోతం మా నాయనకు చెప్పాను. మాది నల్లగొండ జిల్లా. నాయన నలభయ్యేళ్ళు మోకు ముస్తాదు కట్టుకుని తాళ్ళెక్కినవాడు. ఆయన పకపక నవ్వాడు.

"కల్లులొట్టికి ఎవడన్న మూత బిగిస్తడా బిడ్డా? అది ఊపిరి తీస్తుంటది. ఊపిరి ఆగినంక గదా మూత పెట్టాలె!"

ముసలాయన తిరిగి వచ్చి, పగిలిన సీసాలు చూసి కోప్పడలేదు. నీటిలో తేలే గాజుగొట్టం ఒకటి చేతికిచ్చాడు. రసంలో తీపి ఎంత మిగిలిందో చెప్పే సాధనమది. వరుసగా మూడురోజులు ఒకే అంకె చూపేదాకా సీసా ముట్టుకోవద్దన్నాడు. నాయన మాటకు ఇది అంకెలలో అనువాదం!

అంతకు ముందొకసారి, మీ తండ్రిగారేం చేస్తారని ఆయన అడిగితే, "వ్యవసాయం" అని తప్పించుకున్నాను. కల్లుగీత అని చెప్పడానికి నాకు నామోషీ. తరువాత కాచిన బీరు పది రోజులు ఆగి నింపాం. ఒక్క సీసా పగలలేదు. పొడుగాటి గ్లాసును తడిపి, వంచి, నిదానంగా పోసి, అడుగున మిగిలిన ఈస్టును కదిపి కలిపాడాయన. లవంగం, అరటిపండు గుప్పుమన్నాయి. అప్పుడు నిజం చెప్పేశాను.

ఆయన గ్లాసు దించి, "మీ నాన్నగారిది పులవడానికి ఎన్నాళ్ళు పడుతుంది?" అన్నాడు.

"తెల్లవారి దించితే సాయంత్రానికే పులుస్తుంది."

"ఈస్టు ఎవరు కలుపుతారు?"

"ఎవరూ కలపరు. లొట్టిలోనూ, గాలిలోనూ ఉన్నదే చేరుతుంది."

ముసలాయన కాసేపు ఆలోచించి, కాగితమూ పెన్సిలూ తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఆ చెట్టు ఎలా ఎక్కుతారో కాస్త బొమ్మ గీసి చూపించండి!"