రెక్కకు వాసెన

ఎడిటర్‌గారు అడిగింది తేజస్ విమానం మీద ముఖచిత్ర కథనం. గడువు గురువారం సాయంత్రం. నేను పట్టుకొచ్చింది మాత్రం ఒక సరుకుల చీటీ.

ఉంగుటూరులో మా చిన్నాన్నగారబ్బాయి మామిడికాయల షెడ్డులో ఓ మూల మోడల్ విమానాలకు కార్బన్ ఫైబర్ రెక్కలు చేస్తుంటాడు. గోడ మేకుకు గుచ్చిన ఆ చీటీలో ఆరే ఉన్నాయి: పీల్ ప్లై, చిల్లుల రిలీజ్ ఫిల్మ్, బ్రీదర్, బ్యాగింగ్ ఫిల్మ్, సీలెంట్ టేపు, గొట్టం.

"వీటిలో రెక్కలో మిగిలేది ఏదిరా?"

"ఒక్కటీ లేదన్నయ్యా. గొట్టం ఇంకో నాలుగుసార్లు పనికొస్తే గొప్ప. మిగతావన్నీ చెత్తలోకే."

తేజస్‌ను అక్కడే వదిలేశాను.

తాండ్ర పొర మీద పొర పోసినట్టే, మైనం రాసిన అచ్చులో రెజిన్ తడిపిన గుడ్డ పొరలు పరుస్తాడు. పైన పీల్ ప్లై. గట్టిపడ్డాక దీన్ని ఒలిచేస్తే గరుకు మిగులుతుంది, తర్వాత పూసే జిగురుకు పట్టు దొరుకుతుంది. చిల్లుల ఫిల్మ్ ఎక్కువైన రెజిన్‌ను పైకి వదులుతుంది. పరుపులో దూదిలాంటి బ్రీదర్ దాన్ని పీల్చుకుంటూనే గాలికి దారి ఇస్తుంది. అన్నిటి మీదా ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టు నైలాన్ ఫిల్మ్. పంపు లోపలి గాలి లాగేస్తే బయటి గాలే బరువై కూర్చుంటుంది. పూర్తి శూన్యమైతే చదరపు అడుగుకు సుమారు తొమ్మిదిన్నర క్వింటాళ్లు!

ఫిల్మ్ కొలతకు సరిగ్గా కోస్తే పని చెడుతుంది. మూలల్లో డప్పు తోలులా బిగుసుకుని అచ్చును తాకదు, అక్కడ రెజిన్ మడుగు కడుతుంది. అందుకని వదులుగా కోసి, అంచున చీర కుచ్చిళ్లు పెట్టినట్టు మడతలు పెట్టి, ఒక్కో మడతలోనూ నల్ల టేపు నిలబెట్టి నొక్కుతాడు. మా పిన్ని చూస్తే మెచ్చుకునేది.

వాల్వు కట్టి పంపు ఆపాడు. వాక్యూమ్ గేజీ ముల్లు జారింది. ఇద్దరం అంచు వెంట చెవులు ఆనించాం. మూడో కుచ్చి దగ్గర సన్నగా "స్‌స్..." టేపు కింద బ్రీదర్ పోగు ఒక్కటి, వెంట్రుకంత. లాగి, బొటనవేలితో అదిమాడు. ముల్లు నిలిచింది.

ఇదంతా తెల్లవారుజామునే. వేడి పది డిగ్రీలు పెరిగితే రెజిన్ బిగిసే గడువు దాదాపు సగమవుతుంది. కాయకోతకీ దీనికీ ఒకటే వేళ.

తేజస్ సంగతి: 2001 జనవరి 4న బెంగళూరులో తొలిసారి ఎగిరింది. నిర్మాణ బరువులో దాదాపు 45 శాతం కాంపోజిట్లే. కార్యక్రమాన్ని నడిపిన కోట హరినారాయణ బరంపురంలో పుట్టారు, తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వీసీగా చేశారు. తేజస్ రెక్కల పైతొడుగు ఆటోక్లేవులో ఉడికేదీ ఇలాంటి సంచీలోనే, వేడీ ఒత్తిడీ ఎక్కువ, అంతే.

కుక్కరు కథ
సంచీకీ పంపుకీ మధ్య పాత ప్రెషర్ కుక్కరు ఉంది. పొరపాటున రెజిన్ గొట్టంలోకి వస్తే అందులో పడుతుంది, పంపు బతుకుతుంది. గాజు సీసా పెట్టకూడదు, లోపలికి పేలుతుంది. కుక్కరు పోయిన సంగతి పిన్నికి ఇంకా తెలియదు.

మర్నాడు రెక్కను మామిడికాయల కాటా మీద పెడితే అంకె కదల్లేదు. నెల రోజుల చెత్త గోతాం ఆరు కిలోలు తూగింది.