పాలపిట్టయు, తంగేడు పువ్వును

2014వ సంవత్సరమున నేర్పడిన తెలంగాణ రాష్ట్రము పాలపిట్టను తన పక్షిగను, తంగేడును తన పుష్పముగను గైకొన్నది. ఒకటి నీలము, రెండవది పసుపు అని మన బాలబాలికలు వెంటనే చెప్పగలరు. కాని యీ రెండు రంగులును ఒక్క తీరుగ గలిగినవి కావు.

తంగేడు రేకులలో పసుపు వన్నె గల పదార్థమే యున్నది. ఎండిన పువ్వులను వేడినీట వేసినచో నీరు పసుపెక్కును. రాలిన పాలపిట్ట యీకను మెత్తగ నూరినచో నీలిపొడి రాదు. మసకపొడి మాత్రమే మిగులును. ఏలయన ఆ యీకలో నీలిరంగు పదార్థమే లేదు. ఈక పోగులలో కంటికి గానరాని గాలి యరలు గలవు. వానిపై బడిన వెలుతురులో నీలికిరణములు మిక్కిలిగ మనవైపు మరలివచ్చును. ఈక నూరినప్పుడు ఆ యరలు చితికిపోవును, నీలమును పోవును. తంతిపై ముడుచుకొని కూర్చున్న పాలపిట్ట మట్టిరంగు పిట్టవలె నగపడి, రెక్క విప్పగనే మెరయును గదా!

తంగేడు పువ్వునందు తేనె లేదు. కేసరముల కొనలందు సన్నని రంధ్రములు గలవు. తుమ్మెద పువ్వును గట్టిగ బట్టి ఝుమ్మని కదలించినగాని పుప్పొడి రాలదు.

బతుకమ్మకు తంగేడు పూలను గంపలకొలది కోయుదురు. అందువలన ఆ పొదకు హాని స్వల్పము. కొమ్మలు నరికినను మరల చిగిర్చును. పూర్వము తోళ్లు పదును చేయుటకై దాని బెరడు నొలిచెడివారు. పాలపిట్ట సంగతి వేరు. దానికి తాటిమ్రాకు తొర్రయో, అట్టి మరియొక తొర్రయో కావలెను; పెట్టు గ్రుడ్లు కొలదియే. దసరానాడు దానిని జూచుట శుభమని కొందరు వేటగాండ్రచే బట్టించి, రెక్కలు కట్టి పంజరమున జూపించుచున్నారు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిది నిషిద్ధము. భారతదేశమున నీ జాతి తగ్గుచున్నదని 2023లో వెలువడిన పక్షి స్థితి నివేదిక తెలుపుచున్నది.

ఇందలి వింత యేమనగా, రెక్కలు కట్టిన పిట్టయందు జనులు చూడవచ్చిన నీలము చాల వరకు మరుగుపడును. దానిని జూడగోరువారు ఉదయమున పొలముల నడుమ బోవు తంతులను పరికింపవలెను. పిట్ట మిడుతకై నేలకు దుముకువరకు కొంతసేపు కదలక నిలువవలసియుండును.