శోష వచ్చి పడిపోయినవారిని లేపి నిలబెట్టకండి

మన గోదావరి జిల్లాలలో "శోష వచ్చింది" అన్న మాట వినని ఇల్లు ఉండదు. కళ్ళు తిరిగి పడినా, ఫిట్లు వచ్చినా, వడదెబ్బ తగిలినా అందరూ వాడేది ఈ ఒక్క మాటే. మాట ఒకటే గాని జబ్బులు వేరు, చేయవలసిన సాయమూ వేరు. సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు తెల్లవారుజామున పాలు పోసే వరుసలో ఎవరో ఒకరు పడిపోవడం, చుట్టూ ఉన్నవారు చేయకూడనివన్నీ ప్రేమతోనే చేయడం మేము పలుమార్లు చూచి ఉన్నాము. అందువలన కార్యదర్శులు, పరీక్షకులు, సభ్యులు ఈ విషయం కొంత తెలుసుకొని ఉండడం మంచిదని వ్రాస్తున్నాము.

మనిషి నిలబడగానే శరీరంలోని నెత్తురులో అర లీటరుకు పైగా కాళ్ళలోకి, పొట్టలోకి దిగిపోతుంది. మామూలుగా నరాలు వెంటనే రక్తనాళాలను బిగించి, గుండెను కొంచెం వేగంగా కొట్టించి ఆ లోటు సరిచేస్తాయి. ఖాళీ కడుపు, ఉక్క, చాలాసేపు కదలకుండా నిలబడడం, భయం, నెత్తురు చూడడం వంటివి కలిసినప్పుడు ఒక్కొక్కసారి ఈ ఏర్పాటు తలక్రిందులవుతుంది. నాళాలు వదులవుతాయి, గుండె నెమ్మదిస్తుంది, రక్తపోటు పడిపోతుంది. మెదడుకు పదిసెకన్లపాటు నెత్తురు సరిగా అందకపోతే చాలు, స్పృహ పోతుంది. దున్నపోతును ఒంటిచేత్తో ఆపగల కుర్రవాడు, పశువైద్యుడు గేదెకు కష్టమైన ఈత చేయిస్తుంటే నెత్తురు చూచి పలుపుతాడు వదిలి పడిపోవడం ఇందువలననే. అది పిరికితనం కాదు. అటువంటివానిని వెక్కిరించడం తగదు.

శోష సాధారణంగా చెప్పకుండా రాదు. ముందు ఆవులింతలు వస్తాయి, కడుపులో త్రిప్పినట్లు ఉంటుంది. ఒళ్ళంతా చల్లని చెమట పడుతుంది, ముఖం పాలిపోతుంది. చెవులలో హోరు మొదలై, ప్రక్కనే ఉన్నవారి మాటలు కాలవ అవతలి గట్టు నుండి వినిపించినట్లు దూరమవుతాయి. చూపు అంచుల నుండి నల్లబడుతూ వస్తుంది, దీనినే మనవారు కళ్ళు బైర్లు కమ్మడం అంటారు. కాళ్ళు దూదిలాగ అయిపోతాయి. ఇదంతా కొద్ది సెకన్లు మొదలు రెండు మూడు నిమిషాల వరకు ఉండవచ్చును. ప్రాణం కాపాడే సమయం అదే. కాని మన ఆడవారు వరుసలో తమ వంతు పోతుందనో, నలుగురిలో నవ్వులపాలవుతామనో పళ్ళ బిగువున నిలబడతారు. ఆ తరువాత సిమెంటు గట్టుకు తల తగులుతుంది. శోషకంటె ఆ దెబ్బే ప్రమాదం.

కనుక గుర్తులు కనిపించగానే వరుస సంగతి మరచి ఉన్నచోటనే పడుకొనవలెను. చోటు లేకపోతే కూర్చొని తల మోకాళ్ళ మధ్యకు వంచవలెను. అదీ కుదరకపోతే నిలబడే కాళ్ళు కత్తెరలాగ అడ్డంగా వేసి తొడలు, పిరుదులు గట్టిగా బిగించి, పిడికిళ్ళు బిగించవలెను. కండరాలు పిండినట్లయి క్రింద నిలిచిన నెత్తురు గుండెకు తిరిగి చేరుతుంది. ఇది చూడడానికి చిన్న చిట్కాలాగ ఉన్నా వైద్యులు పరీక్షించి ఒప్పుకున్నదే.

ఇక పడిపోయినవారి సంగతి. మన అలవాటు ఏమిటంటే ఇద్దరు చెరొక రెక్క పట్టి లేవదీస్తారు, మూడవవారు కుర్చీ తెస్తారు, నాలుగవవారు నోట్లో సోడా పోస్తారు. ఈ నాలుగు చేతులూ చేసేది అపకారమే. పడడం అనేది ఒక విధంగా శరీరం తనకు తాను చేసుకొనే వైద్యం. తల, గుండె ఒకే మట్టంలోకి వస్తే మెదడుకు నెత్తురు తిరిగి అందుతుంది. నిలబెట్టి ఉంచితే ఆ మేలు పోతుంది, ఒక్కొక్కసారి ప్రాణం మీదకే వస్తుంది. వెల్లకిల పడుకోబెట్టి, దెబ్బలు లేకపోతే కాళ్ళు ఒక అడుగు ఎత్తున క్యాను మూతల దొంతర మీదనో, ఎవరి ఒడిలోనో ఉంచవలెను. మెడ, నడుము దగ్గర బిగువు వదులు చేసి, గుంపును తొలగించి గాలి ఆడనివ్వవలెను. గర్భవతిని మాత్రం ఎడమ ప్రక్కకు ఒత్తిగించవలెను. వాంతి వస్తుంటే ఎవరినైనా ప్రక్కకు త్రిప్పవలెను. స్పృహ పూర్తిగా వచ్చేదాకా నోట్లో చుక్క నీరు కూడా పోయరాదు, ఊపిరితిత్తులలోకి పోతుంది. చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, చెంపలు వాయించడం వలన ఉపయోగం లేదు. ఒకటి రెండు నిమిషాలలో తనంతట తానే తేరుకుంటారు, ఆ ఘనత తాళంచెవులకు దక్కుతుంది. తేరుకున్నాక పది పదిహేను నిమిషాలు పడుకోనిచ్చి, తరువాత కూర్చోబెట్టి, ఉప్పు వేసిన మజ్జిగ ఇవ్వవచ్చును. మజ్జిగకు మనం వేరే ఊరు పోనక్కరలేదు గదా!

గుంపు సంగతి ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. 2015 జులై 14న గోదావరి పుష్కరాల మొదటి రోజున రాజమండ్రి పుష్కరఘాట్ వద్ద జరిగిన తొక్కిసలాటలో పాతికమందికి పైగా మరణించారు. ఇటువంటి చోట్ల ఎక్కువమంది పోయేది ఛాతీ నొక్కుకుపోయి ఊపిరి ఆడకనే. కాని అంతకుముందే గంటల తరబడి నిలబడి, నీరు లేక సొమ్మసిల్లినవారికి పడడానికి కూడా చోటు ఉండదు, జనం ఒత్తిడి వారిని నిలువుననే పట్టి ఉంచుతుంది. పడినా కాళ్ళక్రింద పడతారు. 2027లో మళ్ళీ పుష్కరాలు. మన గ్రామాల నుండి స్నానానికి వెళ్ళేవారు, మజ్జిగ పందిళ్ళలో సేవ చేసేవారు ఎందరో ఉంటారు. ముసలివారిని ఖాళీ కడుపుతో తీసుకువెళ్ళవద్దు, రద్దీ గంటలు తప్పించండి, కళ్ళు తిరుగుతున్నవని ఎవరన్నా వెంటనే గుంపు అంచుకు తీసుకురండి.

అన్నీ మామూలు శోషలు కావు. ఒళ్ళు నిప్పులాగ కాలుతూ మాట తడబడితే అది వడదెబ్బ. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా దీనికి బలి అయినారు. అటువంటివారిని నీడకు చేర్చి ముందు ఒళ్ళంతా నీళ్ళు పోసి విసరవలెను, వాహనం కోసం చూస్తూ కూర్చొనరాదు. కొయ్యబారి, నిమిషానికి మించి కొట్టుకొని, లేచిన తరువాత కూడా అయోమయంగా ఉంటే ఫిట్లు. శోషలోనూ రెండు మూడు కుదుపులు రావచ్చును గాని, లేవగానే మనుషులను గుర్తుపడతారు. చక్కెర జబ్బుకు మందు వాడుతూ తిండి తప్పినవారికి, తేరుకున్నాక మ్రింగగలిగితే పంచదార నీళ్ళు. పని చేస్తూ చేస్తూ గాని, పడుకొని ఉండగా గాని, ఏ గుర్తూ లేకుండా గాని పడిపోతే, లేక గుండెనొప్పి, దడ ఉంటే అది గుండె సంగతి కావచ్చును. లేచి బాగానే ఉన్నా అదే రోజు ఆసుపత్రికి చూపించవలెను. రెండు నిమిషాలలో తేరుకోకపోతే 108కి చెప్పవలెను. ఊపిరి సరిగా లేకపోతే 108కి చెప్పి, ఆలస్యం చేయక ఛాతీ మధ్య గట్టిగా, వేగంగా అదుముతూ ఉండవలెను.

రక్తపోటు మాత్రలు వేసుకొనే పెద్దవారు రాత్రి మూత్రానికి లేచినప్పుడు ఒక నిమిషం మంచం మీద కూర్చొని లేవవలెను, మగవారైనా కూర్చొని పోసుకోవడం మేలు. తెల్లవారి పాలు తెచ్చే అమ్మలు ఏదో ఒకటి తిని, గ్లాసు మంచినీళ్ళు త్రాగి రావలెను. ఉపవాసం ఉన్న రోజున పాల క్యాను ఇంట్లో మరొకరికి అప్పగిస్తే దేవుడు ఏమీ అనుకొనడు.

ప్రతి కేంద్రంలో వరుస ప్రక్కన పొడవాటి బల్ల ఒకటి, మంచినీళ్ళ కుండ ఒకటి ఉంచవలసినదిగా పాలకవర్గాలను కోరుతున్నాము. వెన్న శాతం ధరల పట్టిక ప్రక్కనే 108 అంకె పెద్దదిగా వ్రాయించండి. బల్ల ఖర్చుకు తీర్మానం, రశీదు ఉంటే చాలు, తనిఖీలో మేము అభ్యంతరం చెప్పము.