చంద్రపూర్‌కి జీపు అక్కర్లేదు, భుజాన సంచి చాలు

ఢిల్లీ రైలెక్కిన తెలుగువాళ్లలో బల్లార్షా తెలియనివాళ్లు ఉండరు. కాగజ్‌నగర్ దాటాక అడవి, మాణిక్‌గఢ్ దాటాక వార్ధా వంతెన, ఆ తర్వాత ప్లాట్‌ఫాం మీద చాయ్. బండి కదలగానే మళ్లీ బెర్తు మీదికి. అక్కడికి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న చంద్రపూర్‌లో దిగేవాళ్లు మాత్రం తక్కువ. దిగినవాళ్లలో కూడా చాలామంది రిసార్టువాళ్లు పంపిన కారెక్కి నేరుగా తాడోబా అడవికి పోతారు. పులి కనబడితే ఫొటో, కనబడకపోతే తిట్టు. ఊరి మొహం చూడకుండానే తిరుగు రైలు.

బ్యాక్‌ప్యాకింగ్ అంటే మనవాళ్ల మనసులో గోవా, గోకర్ణ, వర్కల మెదులుతాయి. వీసా చేతికొస్తే బ్యాంకాక్, ఫుకెట్. సముద్రం జాడ లేని, బొగ్గు గనుల మధ్యనున్న చంద్రపూర్‌కి సంచి తగిలించుకుని ఎవరు పోతారని అడుగుతారు. ఆ ప్రశ్న వెనక ఉన్న అపోహలు ఒకటీ రెండూ కావు.

అపోహ: సంచి తగిలించుకుని తిరగడం విదేశీయుల సరదా.

ఈ మాట పుట్టడానికి కారణం లేకపోలేదు. 1973లో లోన్లీ ప్లానెట్ తొలి పుస్తకం వచ్చింది. తక్కువ ఖర్చుతో ఆసియా చుట్టిరావడం ఎలాగో చెప్పిన పుస్తకం అది. అప్పటినుంచీ చవక ప్రయాణానికి తెల్లవాళ్ల బొమ్మే అతుక్కుపోయింది. కానీ చైత్రమాసంలో చంద్రపూర్ మహాకాళి జాతరకి వెళ్లి చూడండి. నాందేడ్, పర్భణీ వైపు నుంచీ మన అదిలాబాద్ వైపు నుంచీ కుటుంబాలకి కుటుంబాలే దిగుతాయి. నెత్తిన బియ్యం మూట, చంకన పిల్ల, చేతిలో గిన్నెల సంచి. ఝర్పట్ వాగులో స్నానం, చెట్టుకింద మూడు రాళ్ల పొయ్యి, రాత్రికి ఎక్కడ జాగా దొరికితే అక్కడే పక్క. ఇంత తేలిగ్గా, ఇంత తక్కువ డబ్బుతో తిరగడం గోవా హాస్టల్లో దిగిన ఏ కుర్రాడికీ చేతకాదు.

మన యాత్రికులందరూ ఇలాగే తిరిగారని కూడా అనుకోవద్దు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య నిర్మల్, అదిలాబాద్ మీదుగా నాగపూర్ చేరాడు, అంటే ఈ జిల్లాకి పడమరగా సాగిపోయాడు. ఆయన వెళ్లింది పల్లకీలో, వెంట పెద్ద పరివారంతో. ఆ లెక్కన నేటి రిసార్టు యాత్రికుడికి తాత ఆయనే.

అపోహ: తాడోబా తీసేస్తే అక్కడ చూడ్డానికేం లేదు.

నాకు బాగా చిరాకు తెప్పించే మాట ఇదే. చంద్రపూర్ గోండు రాజుల రాజధాని. 1964 దాకా దీని పేరు చాందా. సిర్పూర్ నుంచి బల్లార్షాకి, అక్కడినుంచి ఇక్కడికి రాజధాని మారిందని చరిత్ర. ఒంటినిండా కురుపులతో బాధపడే ఖాండ్క్యా బల్లాల్ షా అనే గోండు రాజు ఝర్పట్ నీళ్లతో మొహం కడుక్కుంటే బాధ తగ్గిందనీ, ఆ తర్వాత ఒక కుందేలు తన వేటకుక్కనే తరమడం చూసి అక్కడ కోట కట్టించాడనీ కథ. కుందేలు తిరిగిన దారే గోడ గీత అయిందట. ఈ కుందేలు విజయనగరం కథలోనూ ఉందని మనవాళ్లకి తెలుసు. కథ సంగతి అలా ఉంచితే గోడ మాత్రం నిజం. చుట్టుకొలత పదకొండు కిలోమీటర్ల దాకా ఉంటుంది. జట్‌పురా, అంచలేశ్వర్, పఠాన్‌పురా, బిన్‌బా అని నాలుగు దర్వాజాలు. వాటి మధ్య ఖిడ్కీలనే చిన్న ద్వారాలు ఐదు. దర్వాజాల మీద ఏనుగుని అణచిన సింహం బొమ్మ కనిపిస్తుంది, అది గోండు రాజుల ముద్ర. 1818 మే నెలలో ఇంగ్లీషువాళ్ల ఫిరంగులు ఈ గోడకి గండి కొట్టాకే ఊరు వాళ్ల చేతికి చిక్కింది.

గోడ చాలాకాలం ముళ్లపొదల కింద పడి ఉండేది. 2017లో ఎకో-ప్రో అనే స్థానిక సంస్థ కుర్రాళ్లు కొడవళ్లు, పారలు పట్టుకుని నెలల తరబడి శుభ్రం చేశారు. అదే ఏడాది ప్రధాని ‘మన్ కీ బాత్’లో ఆ పని ప్రస్తావనకొచ్చింది. ఇప్పుడు బాగడ్ ఖిడ్కీ దగ్గర ఎక్కితే గోడమీదే కొంతదూరం నడవొచ్చు. ఒకవైపు ఇళ్ల డాబాల మీద ఎండబెట్టిన మిరపకాయలు, మరోవైపు మైదానం, ఆ వెనక థర్మల్ కేంద్రం పొగగొట్టాలు. పొద్దున్నే వెళ్లాలి. కారులో వచ్చినవాళ్లకి జట్‌పురా గేటు అంటే ట్రాఫిక్ జామే గుర్తుంటుంది. పక్కనున్న మెట్లు వాళ్ల కంటబడవు.

లాల్‌పేట్ సంగతి ఇంకా విచిత్రం. గనుల పక్కన, ఇళ్ల మధ్యన, నేలమీద పడుకోబెట్టినట్టు భారీ రాతి విగ్రహాలు ఉంటాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దదాని పొడవు పాతిక అడుగుల పైమాటే. పది తలలు చూసి ఊళ్లోవాళ్లు రావణుడంటారు. కానీ అది దశముఖ దుర్గ. పక్కకి వచ్చి తలల వరుస, చేతుల్లో ఆయుధాలు నిదానంగా చూస్తే తెలుస్తుంది. గోండు రాజుల కాలంలో రాయప్ప అనే కోమటి వర్తకుడు పెద్ద శివాలయం కట్టాలనుకుని ఈ విగ్రహాలు చెక్కించాడనీ, గుడి లేవకుండానే ఆయన కన్నుమూశాడనీ పాత గెజిటీర్ల కథనం. పేరూ కులమూ చూస్తే మనవాడే అనిపిస్తుంది. విగ్రహాలు నిలబడలేదు, గుడి రాలేదు. ఏ ప్యాకేజీలోనూ ఈ చోటు పేరు వినలేదు. జట్‌పురా నుంచి ఆటోలో పోతే సరిపోతుంది. ‘అపూర్ణ దేవాలయ్’ అని అడగండి. డ్రైవరుకి తెలియకపోతే ‘రావణ్’ అనండి, తెలుస్తుంది.

అపోహ: సొంత బండి లేకపోతే ఆ జిల్లాలో కదల్లేం.

ఊరికి రెండు స్టేషన్లు. ఢిల్లీ-చెన్నై లైను మీద చంద్రపూర్, గోందియా వైపు లైను మీద చాందా ఫోర్ట్. టికెట్ తీసుకునేటప్పుడు ఈ రెండూ కలగలిపి తికమక పడకండి. మనవైపు రైళ్లు చాలావరకు బల్లార్షాలో ఆగుతాయి. సికింద్రాబాద్ నుంచి రైలుని బట్టి ఐదారు గంటలు. అక్కడ దిగి బస్సో షేర్ ఆటోనో పట్టుకోవచ్చు. 2018లో రైల్వేవాళ్ల స్టేషన్ల అలంకరణ పోటీలో బల్లార్షా, చంద్రపూర్ స్టేషన్లకే మొదటి బహుమతి వచ్చింది. గోడల నిండా పులులు, అడవి. తాడోబాకి వెళ్లకుండానే ఒక పులి ఖాయమన్నమాట.

ఆ తర్వాతంతా మహారాష్ట్ర ప్రభుత్వ ఎస్టీ బస్సులదే రాజ్యం. భద్రావతి, వరోరా, మూల్, రాజురా, గడ్‌చాందూర్, అన్నిటికీ ఎర్ర బస్సులున్నాయి. 2023 మార్చి నుంచి మహారాష్ట్రలో ఎస్టీ బస్సెక్కే మహిళలకి సగం టికెట్టే. మన మహాలక్ష్మి ఉచిత ప్రయాణం మాత్రం తెలంగాణ సరిహద్దు దాకానే చెల్లుతుంది. చంద్రపూర్ దాకా జీరో టికెట్ వస్తుందనుకుని ఎక్కి కండక్టరుతో వాదన పెట్టుకోకండి. భద్రావతికి మాత్రం పొద్దున్నే బయల్దేరండి. విజాసన్ బౌద్ధగుహ లోపల చీకట్లో నడవా చివరన బుద్ధుడు కూర్చుని ఉంటాడు, టార్చి ఉంటే మంచిది. పార్శ్వనాథుడి జైనమందిరానికి ధర్మశాల, భోజనశాల ఉన్నాయి. హాస్టల్ బంకుబెడ్లు వెతక్కండి, ఇక్కడ ఆ పని ధర్మశాలలదీ, బస్టాండు దగ్గరి లాడ్జీలదీ. ఒక్క మాట: విదేశీ పాస్‌పోర్టుతో వచ్చే మన ఎన్నారై పిల్లలకి చిన్న లాడ్జీలు గది ఇవ్వకపోవచ్చు. విదేశీయులు దిగితే యజమాని ఆ వివరాలు ప్రభుత్వానికి పంపాలి. ఆ తలనొప్పి ఎందుకని చాలామంది కుదరదంటారు. ముందే ఫోన్ చేసి అడగడం మేలు.

అపోహ: అడవిపక్కనే టెంటు వేసుకోవచ్చు, బైకు మీద తాడోబా చుట్టొచ్చు.

సంచి స్వేచ్ఛ ఆగిపోయేది ఇక్కడే. తాడోబా 1955లో జాతీయ ఉద్యానం. 1986లో అంధారి అభయారణ్యం వచ్చింది, 1995లో రెండూ కలిసి పులుల అభయారణ్యం అయ్యాయి. కోర్ ప్రాంతమే 625 చదరపు కిలోమీటర్ల పైన. లోపలికి బైకు రానివ్వరు, నడవనివ్వరు, వాహనం దిగనివ్వరు. కోర్‌లోకి ఫోన్ కూడా తీసుకెళ్లనివ్వరు. మంగళవారం సెలవు. జులై నుంచి సెప్టెంబరు దాకా కోర్ మూసేస్తారు, చుట్టూ ఉన్న బఫర్ అడవిది వేరే లెక్క. అనుమతి, జిప్సీ, గైడు, ఇలా మూడు ఖర్చులు. జిప్సీలో ఆరుగురు పడతారు కాబట్టి ఒంటరిగా వెళ్లినవాడికి బండి మొత్తం నెత్తినపడుతుంది. తోడు వెతుక్కుని పంచుకుంటే ఖర్చు తగ్గుతుంది. అనుమతి పత్రంలో పేర్లు ముందే ఉండాలి గనక ఆ పంచుకోవడమేదో బుకింగప్పుడే తేల్చుకోవాలి.

ఇవన్నీ అధికారుల చాదస్తం కాదు. తాడోబా పేరు వెనకున్న తారు అనే గ్రామపెద్ద పులితో పోరాడి చనిపోయాడని గోండుల నమ్మకం, చెరువు ఒడ్డున ఆయన గుడి ఉంది. అది పాత కథ. 2022 ఫిబ్రవరిలో థర్మల్ కేంద్రం ఆవరణలోనే ఒక కార్మికుణ్ని పులి చంపింది, అది నిన్నమొన్నటి సంగతి. పులి గేటులోపలే ఉంటుందన్నది ఈ జిల్లాలో అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ. ఇప్పపూలకీ తునికాకుకీ తెల్లవారుజామున అడవికి పోయే పల్లెజనం ప్రాణాలకి తెగించి పోతున్నారు. సరదా కోసం ఊరి అంచుల్లో చీకట్లో నడవాల్సిన పని మనకి లేదు.

అపోహ: మరాఠీ రాకపోతే కష్టం.

బల్లార్‌పూర్‌లో గనులు, పేపరు మిల్లు, రైల్వే, ఈ మూడూ తెలుగువాళ్లని ఎప్పుడో లాక్కొచ్చాయి. బజారులో తెలుగు మాట వినబడుతుంది. రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, అదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. జివతి తాలూకా సరిహద్దు గ్రామాల్లో కొన్నింటిని ఇప్పటికీ రెండు రాష్ట్రాలూ మాదంటే మాదంటాయి. అక్కడ రెండు రేషన్‌కార్డులున్న ఇళ్లున్నాయి, రెండు రాష్ట్రాల ఓట్లూ వేసినవాళ్లున్నారు. భాష అక్కడ సమస్యే కాదు. హోటల్లో మాత్రం తర్రి అడిగితే జాగ్రత్త. పోహా మీదో ఆలుబోండా మీదో పోసే ఆ ఎర్రటి పులుసు గుంటూరు నాలుకని కూడా కాసేపు ఆలోచనలో పడేస్తుంది.

అపోహ: అది మద్యనిషేధ జిల్లా.

ఒకప్పుడు. 2015 ఏప్రిల్ నుంచి ఉన్న నిషేధాన్ని 2021లో ఎత్తేశారు. పక్కనే ఉన్న గడ్చిరోలి, వార్ధాల్లో నిషేధం కొనసాగుతోంది. మార్కండా గుళ్లు చూడ్డానికి గడ్చిరోలి జిల్లాలోకి దాటేటప్పుడు సంచిలో సీసా ఉంటే కేసవుతుంది.

అపోహ: ఎండా దుమ్మూ అంతా పత్రికలవాళ్ల అతిశయోక్తి.

కాదు, ఇది అపోహల పట్టికలోకి పొరపాటున దూరిన వాస్తవం. మే నెలలో 47, 48 డిగ్రీలు ఇక్కడ కొత్తకాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009 నాటి జాబితాలో దేశంలోని తీవ్ర కాలుష్య ప్రాంతాల్లో చంద్రపూర్‌ది నాలుగో స్థానం. 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం, చుట్టూ బొగ్గు గనులు. సాయంత్రానికి తెల్లచొక్కా రంగు మారుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో వెళ్లండి. తెల్లవారుజాము జిప్సీలో వణుకు పుడుతుంది, స్వెట్టరు సర్దుకోండి.

అపోహ: ఆనందవన్ ఒక చూడదగ్గ ప్రదేశం.

వరోరా పక్కనున్న ఆనందవన్‌ని ప్యాకేజీలవాళ్లు ‘అరగంట ఆగే చోటు’గా చేర్చడం నాకు నచ్చదు. బాబా ఆమ్టే 1949లో మహారోగి సేవా సమితి పెట్టి, 1951లో రాళ్లనేల మీద దీన్ని మొదలుపెట్టారు. కుష్ఠు వచ్చి ఇళ్లనుంచి వెళ్లగొట్టబడ్డవాళ్లు తమ చేతులతో బావులు తవ్వుకుని, పొలాలు చేసుకుని, మగ్గాలు పెట్టుకుని నిలబెట్టిన ఊరు అది. మీరు వెళ్లేసరికి వాళ్లు పనిలో ఉంటారు. ముందుగా చెప్పి వెళ్లాలి, అడగకుండా ఫొటో తీయకూడదు, నేసిన దుప్పటి ఒకటి కొనుక్కుంటే మంచిది.

సంచి ప్రయాణం మీద ఆమ్టేకి నమ్మకం ఉండేది. వెన్నెముక జబ్బుతో కూర్చోలేని స్థితిలో, 1985 డిసెంబరులో వందకు పైగా యువతీయువకులని సైకిళ్ల మీద కన్యాకుమారి నుంచి కశ్మీరుకి నడిపించారు, తను బండిలో పడుకుని వెంట వెళ్లారు. అంతకు ముందే, 1960ల చివర్లో, మూల్ తాలూకా సోమనాథ్‌లో కుర్రకారుకి ఏటా వేసవి శ్రమశిబిరం మొదలైంది. పొద్దున గడ్డపార, మధ్యాహ్నం చర్చలు, రాత్రి పాటలు. మే నెల మధ్యలో జరుగుతుంది, ఆ ఏడు ఉందో లేదో వరోరాకి ఫోన్ చేసి కనుక్కోవాలి. ఆ ఎండల్లో చంద్రపూర్ పొమ్మని నేను చెప్పగలిగితే, ఆ శిబిరం కోసమే చెబుతాను.