48 అడుగుల భయం

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 48కి రెండోది, 53కి మూడోది. వరద తీసేటప్పుడూ ఇవే అంకెలు. కొలబద్దకు ఎక్కే 48, దిగే 48 ఒకటే. లోతట్టు ఇంట్లోవాళ్లకు మాత్రం ఒకటి మూటాముల్లె సర్దుకునే వేళ, రెండోది బురద ఎత్తిపోసుకునే వేళ.

ఈ తేడా నీటిలో లేదు. అలాగని ఉత్త ఊహా కాదు. తత్వవేత్త ఎడ్మండ్ హుస్సెర్ల్ 1905 నాటి ఉపన్యాసాల్లో దీన్నే పట్టుకున్నాడు: అనుభవంలో ‘ఇప్పుడు’ ఎన్నడూ ఒంటరిగా ఉండదు. అప్పుడే జారిపోయినది ఇంకా అంటుకునే ఉంటుంది, రాబోయేది ముందే వచ్చి కూర్చుంటుంది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు చూసినవారి ఎదురుచూపూ, నిన్న బదిలీ మీద వచ్చిన ఉద్యోగి ఎదురుచూపూ ఒకటి కావు.

అనుభవం దాన్ని పొందేవారికి ఎలా తోస్తుందో అలాగే వర్ణించే ఈ తత్వశాస్త్రం పేరు ఫినామినాలజీ. మనస్తత్వశాస్త్రంతో దీనికి చుట్టరికమూ ఉంది, పేచీ కూడా ఉంది. 1879లో లైప్‌జిగ్‌లో మనస్తత్వ ప్రయోగశాల పెట్టిన వుంట్ పాఠాలు హుస్సెర్ల్ విన్నవాడే. 1900కల్లా, తర్కాన్ని మనస్తత్వ సూత్రాలకు కుదించేవారిని ఎండగట్టాడు. 1913లో కార్ల్ యాస్పర్స్ ఆ వర్ణన పద్ధతిని మానసిక వైద్యంలోకి తెచ్చాడు.

ఇవాళ్టి పేచీ ప్రశ్నావళి దగ్గర. కుంగుబాటును కొలిచే పీహెచ్‌క్యూ-9లో 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. గత రెండు వారాల్లో నిద్ర సరిగా లేదా అన్నది అందులో ఒకటి. వరద పునరావాస కేంద్రంలో ఇద్దరికి ఆ ప్రశ్నకు 3 వచ్చిందనుకుందాం. ఒకరు గట్టు మీద వదిలేసి వచ్చిన గొడ్ల కోసం మేలుకున్నారు. మరొకరికి దేని మీదా ధ్యాసే నిలవదు, అయినా కన్ను మూతపడదు. ఆ గడిలో ఇద్దరూ సమానమే. మొదటివారికి కావలసింది పడవ, మాత్ర కాదు.

అంకెలు దండగని కాదు. ఎందరికి సాయం కావాలో, వైద్యం పనిచేసిందో లేదో అవే చెప్పాలి. వర్ణనతో అంకెలకు పదును పెట్టవచ్చు కూడా. నాడీశాస్త్రవేత్త ఫ్రాన్సిస్కో వారెలా బృందం 2002లో ప్రచురించిన ప్రయోగం చూడండి. చుక్కల బొమ్మలోంచి ఆకారం పైకి తేలే ముందు మనసు ఎంత సిద్ధంగా ఉందో ప్రతిసారీ పాల్గొన్నవారినే అడిగారు. వాళ్ల మాటల ప్రకారం మెదడు విద్యుత్ రికార్డులను విడదీస్తే, సిద్ధంగా ఉన్నప్పుడు ఒక తీరు, లేనప్పుడు ఇంకో తీరు బయటపడ్డాయి. సగటు కట్టి ఉంటే అవి కొట్టుకుపోయేవే.

శబరి నది ఎగదన్నే కూనవరం, వీఆర్ పురం కోయ, కొండరెడ్డి పల్లెలకు వరదల తర్వాత ఫారాలు పట్టుకెళ్లేవారికి ఒక్క విన్నపం. ముందు ఒక రాత్రి ఎలా గడిచిందో పూర్తిగా చెప్పనివ్వండి, గళ్లు తర్వాత నింపండి.