ల్యాప్‌టాప్ కంప్యూటర్లలో వై-ఫై ప్రమాణాలు

వై-ఫై అనునది కంప్యూటర్లను తీగల అవసరము లేకుండా రేడియో తరంగాల ద్వారా స్థానిక నెట్‌వర్కుకు, దాని మీదుగా అంతర్జాలానికి అనుసంధానించే సాంకేతిక విధానము. దీనికి ఆధారమైన నియమావళిని ఐఈఈఈ 802.11 ప్రమాణము అంటారు. ల్యాప్‌టాప్ లక్షణాల పట్టికలో "802.11ఏసీ, 2×2, 867 మెగాబిట్లు" వంటి మాటలు కనిపిస్తాయి. ఆ కంప్యూటరు ఏ పౌనఃపున్యములో పనిచేయునది, ఎంత వేగమును అందుకోగలదు, ఏ రౌటరుతో సంభాషించగలదు అనే విషయాలు ఈ సంఖ్యల వలన తెలుస్తాయి.

పేరు

1999లో కొన్ని సంస్థలు కలిసి, వేర్వేరు తయారీదారుల పరికరాలు ఒకదానితో ఒకటి సరిగా పనిచేయునట్లు పరీక్షించి ధ్రువీకరించుటకు ఒక సమాఖ్యను ఏర్పరచాయి. 2002లో దాని పేరు వై-ఫై అలయన్స్‌గా మారింది. "వై-ఫై" అనేది ఏ పదబంధానికీ సంక్షిప్త రూపము కాదు. ధ్వని పరికరాల విషయంలో అప్పటికే ప్రసిద్ధమైన "హై-ఫై"ని తలపించేలా వాణిజ్య అవసరాల కొరకు సృష్టించబడిన పేరు మాత్రమే. ఐఈఈఈ ప్రమాణాన్ని రచిస్తుంది. వై-ఫై అలయన్స్ పరికరాలను ధ్రువీకరిస్తుంది. ఈ రెండూ వేర్వేరు సంస్థలు.

చరిత్ర

1985లో అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ కొన్ని రేడియో పౌనఃపున్యాలను లైసెన్సు లేకుండా సమాచార ప్రసారానికి వాడుకొనుటకు అనుమతించింది. వై-ఫైకి ఇదే పునాది. విక్ హేస్ అధ్యక్షతన పనిచేసిన ఐఈఈఈ బృందము 1997లో మొదటి 802.11 ప్రమాణాన్ని వెలువరించింది. దాని గరిష్ఠ వేగము సెకనుకు 2 మెగాబిట్లు మాత్రమే.

1999 జూలైలో ఆపిల్ సంస్థ విడుదల చేసిన ఐబుక్ ల్యాప్‌టాప్‌లో ఆంటెనాలు లోపలే అమర్చబడినవి. కార్డును మాత్రము విడిగా కొనవలసి వచ్చేది. ఆ రోజులలో చాలా ల్యాప్‌టాప్‌లకు పక్కనున్న అరలో పీసీ కార్డును దూర్చి వై-ఫై సౌకర్యాన్ని పొందేవారు. 2003 మార్చిలో ఇంటెల్ సంస్థ సెంట్రినో పేరుతో ప్రాసెసరు, చిప్‌సెట్టు, వై-ఫై కార్డులను ఒకే సముదాయముగా విడుదల చేసింది. అటుపిమ్మట వై-ఫై ల్యాప్‌టాప్‌లో సహజ భాగమైపోయింది.

పనిచేయు విధానము

ల్యాప్‌టాప్‌లోని వై-ఫై కార్డు ఒక చిన్న రేడియో ప్రసారిణి, గ్రాహకము కూడా. రౌటరు కూడా అటువంటిదే. ఒక ఛానెలును వాడుకొనే పరికరాలన్నీ గాలిలోని ఒకే మార్గమును పంచుకోవలసి ఉంటుంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే వినేవారికి ఏదీ అర్థము కానట్లే, రెండు పరికరాలు ఒకేసారి ప్రసారము చేస్తే సంకేతాలు చెడిపోతాయి. కనుక ప్రతి పరికరమూ ముందు ఛానెలు ఖాళీగా ఉన్నదో లేదో విని, కొద్దిసేపు వేచి, ఆపై ప్రసారము చేస్తుంది. అందిన సమాచారానికి గ్రాహకము రశీదు పంపుతుంది; రశీదు రానిచో సమాచారము మరల పంపబడుతుంది. ఒకే ఇంట్లో వై-ఫై వాడేవారు పెరిగినకొద్దీ ప్రతి ఒక్కరి వేగము తగ్గుటకు కారణమిదే.

వై-ఫై ముఖ్యముగా మూడు పట్టీలలో పనిచేస్తుంది.

* 2.4 గిగాహెర్ట్జ్: గోడలను దాటి ఎక్కువ దూరము చేరుతుంది. అయితే ఇందులో చోటు తక్కువ. 20 మెగాహెర్ట్జ్ వెడల్పు గల ఛానెళ్లలో 1, 6, 11 మాత్రమే ఒకదానితో ఒకటి కలియకుండా వాడుకొనుటకు సాధారణముగా వీలుంటుంది. మైక్రోవేవ్ పొయ్యిలు, బ్లూటూత్ పరికరాలు కూడా ఈ పట్టీలోనే ఉండుట వలన అంతరాయాలు ఎక్కువ.
* 5 గిగాహెర్ట్జ్: ఛానెళ్లు ఎక్కువ, వేగము ఎక్కువ. గోడల వద్ద సంకేతము త్వరగా బలహీనపడుతుంది.
* 6 గిగాహెర్ట్జ్: 2020లో అమెరికా ఈ పట్టీని లైసెన్సు లేని వాడుకకు తెరిచింది. దీని వినియోగ నియమాలు దేశాన్ని బట్టి మారతాయి.

ప్రమాణాలు

క్రింది వేగాలు సెకనుకు సిద్ధాంతరీత్యా సాధ్యమయ్యే గరిష్ఠ వేగాలు.

* 802.11బి (1999): 2.4 గిగాహెర్ట్జ్, 11 మెగాబిట్లు.
* 802.11ఏ (1999): 5 గిగాహెర్ట్జ్, 54 మెగాబిట్లు. పట్టీ వేరగుటచే ఇది 802.11బితో కలిసి పనిచేయదు.
* 802.11జి (2003): 2.4 గిగాహెర్ట్జ్, 54 మెగాబిట్లు. 802.11బి పరికరాలతో కూడా పనిచేస్తుంది.
* 802.11ఎన్ (2009): 2.4, 5 గిగాహెర్ట్జ్, 600 మెగాబిట్లు. ఒకటికి మించిన ఆంటెనాలతో ఏకకాలములో వేర్వేరు ప్రవాహాలను పంపే పద్ధతి దీనితో వచ్చింది.
* 802.11ఏసీ (2013): 5 గిగాహెర్ట్జ్, సుమారు 6.9 గిగాబిట్లు.
* 802.11ఏఎక్స్ (2021): 2.4, 5, 6 గిగాహెర్ట్జ్, 9.6 గిగాబిట్లు. జనసమ్మర్ద ప్రదేశాలలో అనేక పరికరాలు ఛానెలును సమర్థముగా పంచుకొనుటకు రూపొందించబడినది.
* 802.11బీఈ (2024): మూడు పట్టీలలోను పనిచేస్తుంది. ఛానెలు వెడల్పు 320 మెగాహెర్ట్జ్ వరకు ఉండవచ్చును.

ఈ అక్షరాలు సామాన్యులకు గుర్తుండుట కష్టమని 2018లో వై-ఫై అలయన్స్ సంఖ్యలను ప్రవేశపెట్టింది. 802.11ఎన్‌ను వై-ఫై 4, ఏసీని వై-ఫై 5, ఏఎక్స్‌ను వై-ఫై 6 అంటారు. 6 గిగాహెర్ట్జ్ పట్టీని కూడా వాడే ఏఎక్స్ పరికరాలను వై-ఫై 6ఈ అని, బీఈ పరికరాలను వై-ఫై 7 అని అంటారు.

లక్షణాల పట్టికను చదువుట

"2×2" అనగా పంపుటకు రెండు, అందుకొనుటకు రెండు ఆంటెనా మార్గాలు గలవని అర్థము. ల్యాప్‌టాప్‌లలో ఇదే ఎక్కువగా కనిపిస్తుంది. ఆంటెనాలు సాధారణముగా తెర అంచులలో దాగి ఉంటాయి. చవక రకాలలో "1×1" ఉండవచ్చును. అప్పుడు గరిష్ఠ వేగము సగమవుతుంది. ఉదాహరణకు 802.11ఏసీలో 80 మెగాహెర్ట్జ్ ఛానెలుపై ఒక ప్రవాహానికి 433 మెగాబిట్లు, రెండింటికి 867 మెగాబిట్లు వస్తాయి. ప్రమాణములో చెప్పిన 6.9 గిగాబిట్ల వేగానికి ఎనిమిది ప్రవాహాలు, 160 మెగాహెర్ట్జ్ ఛానెలు కావలెను. అందువలన ప్రమాణము పేరు ఒక్కటే చూచి వేగమును నిర్ణయించుట సరికాదు.

పట్టికలో వేగము బిట్లలో చెప్పబడుతుంది. ఫైళ్ల పరిమాణము బైట్లలో ఉంటుంది. ఒక బైటుకు 8 బిట్లు. పైగా రశీదులు, నిరీక్షణ, నియంత్రణ సంకేతాల వలన వాస్తవ వేగము చెప్పిన దానిలో సగము, అంతకంటే తక్కువ కూడా కావచ్చును. 700 మెగాబైట్ల ఫైలును 802.11జి ద్వారా పంపుటకు 54 మెగాబిట్ల లెక్కన 104 సెకన్లు పట్టవలెను. వాస్తవ వేగము 22 మెగాబిట్లు ఉన్నచో నాలుగు నిమిషాలు దాటుతుంది.

ల్యాప్‌టాప్, రౌటరు రెండింటికీ తెలిసిన ప్రమాణములోనే అనుసంధానము జరుగుతుంది. 802.11ఎన్ ల్యాప్‌టాప్‌కు వై-ఫై 6 రౌటరును జతచేసినా ఆ ల్యాప్‌టాప్ ఎన్ వేగాన్ని మించదు. అంతర్జాల సేవ వేగము అంతకంటే తక్కువైతే కొత్త కార్డు వలన అంతర్జాల వేగము పెరగదు.

కార్డు రూపము

వై-ఫై కార్డులు తొలుత పీసీ కార్డు, తరువాత మినీ పీసీఐ, మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్, ఎం.2 రూపాలలో వచ్చాయి. ఈ రూపాలు ఒకదాని స్థానంలో మరొకటి అమరవు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో కార్డు ప్రధాన ఫలకానికే అతికించబడి ఉండుటచే మార్చుటకు వీలుండదు. అటువంటి వాటికి యూఎస్‌బీ ద్వారా తగిలించే చిన్న పరికరము ప్రత్యామ్నాయము.

భద్రత

రేడియో తరంగాలు గోడల వద్ద ఆగిపోవు. ఇంటి బయట ఉన్నవారు కూడా వాటిని అందుకొనవచ్చును. కనుక సమాచారాన్ని రహస్య సంకేతాలుగా మార్చి పంపవలెను. మొదటి పద్ధతియైన వెప్‌లోని లోపాన్ని 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ వెల్లడించారు. 2007లో డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు వెప్ తాళపు సంకేతాన్ని ఒక నిమిషములోపు కనుగొనవచ్చునని చూపారు. దీని స్థానంలో 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2, 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చాయి. వెప్‌ను మాత్రమే ఎరిగిన పాత ల్యాప్‌టాప్ కొరకు రౌటరును వెప్‌కు మార్చుట వలన ఆ నెట్‌వర్కులోని మిగిలిన కంప్యూటర్లకు కూడా రక్షణ పోతుంది. పాత కార్డును మార్చుటే మేలు.

భారతదేశంలో

భారత ప్రభుత్వము 2005లో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు నుండి మినహాయించింది. 2018లో 5 గిగాహెర్ట్జ్ పట్టీలోని విస్తృత భాగాలకు ఈ మినహాయింపు లభించింది.

2008 జూలైలో అహ్మదాబాదు బాంబు పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు వార్తా సంస్థలకు అందిన హెచ్చరిక ఈ-మెయిలు, నవీ ముంబయిలోని ఒక ఇంటి రక్షణ లేని వై-ఫై ద్వారా పంపబడినట్లు దర్యాప్తులో తేలింది. ఆ ఇంటివారికి ఈ-మెయిలుతో సంబంధము లేకపోయినా పోలీసుల విచారణను ఎదుర్కొనవలసి వచ్చింది. సంకేతపదము లేని నెట్‌వర్కు యజమానికి ఎంతటి చిక్కు తెచ్చిపెట్టగలదో ఈ ఘటన వలన దేశమంతటా తెలిసింది.